పాతదానిని తుడువక క్రొత్తదానిని చేర్చుకొనుట

మన పాఠశాలలో చదివి, పిదప పాలిటెక్నిక్కులో చేరిన విద్యార్థిని యొకతె 2025 నవంబరు మాసమున నన్ను చూడవచ్చినది. ఆమె సంచిలో నొక పాత లాప్‌టాపు ఉండెను. అది 2016లో తయారైనది. మఱియొకరు వాడి విడిచినదానిని ఆమె తండ్రి అప్పుచేసి కొనియిచ్చెను. "మాస్టరుగారూ, ఇది యిక పనికిరాదట. క్రొత్త విండోస్ దీనిలో ఎక్కదట. దుకాణమువారు రెండువేల రూపాయలిచ్చి తీసికొందుమనుచున్నారు. మా తరగతిలోని అబ్బాయి మాత్రము, ఉన్నదంతయు తుడిచివేసి లినక్సు పెట్టుకొమ్మనుచున్నాడు. ఏమి చేయమందురు?" అని యడిగినది.

యంత్రమును తెఱచి చూచితిని. తెర స్పష్టముగా నున్నది. మీటలన్నియు పనిచేయుచున్నవి. బ్యాటరీ మాత్రము కొంత నీరసించినది, అది మార్చదగినదే. నేనామెకు ఆ రెండు సలహాలును గాక మూడవదానిని చెప్పితిని. అమ్మవద్దు, తుడువవద్దు, విండోస్‌ను ఉండనిచ్చి, దాని ప్రక్కనే లినక్సును స్థాపించుకొనుము అంటిని. ఇట్లు చెప్పుటకు గల కారణములను, ఆ పనిలోని అపాయములను మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపుటయే యీ వ్యాసమునకు ఉద్దేశము. ఏలయనగా, ఇట్టి లాప్‌టాపులు మన యూర అనేక గృహములలో గలవు.

మొదట సంగతి యేమో చూతము. తెరను, మీటలను, డిస్కును, ముద్రణ యంత్రమును ఒక క్రమములో నుంచి, మనము కోరిన పనిని వానిచేత చేయించు మూల కార్యక్రమమునకు ఆపరేటింగు సిస్టమని పేరు. దుకాణములో కొనిన లాప్‌టాపులలో సాధారణముగా విండోస్ అనునది ముందే స్థాపింపబడి వచ్చును. విండోస్ 10 అనునది 2015 జూలై 29న వెలువడెను. 2025 అక్టోబరు 14తో దానికి ఉచితముగా నిచ్చు రక్షణ సవరణలను ఆపివేసిరి; విడిగా నమోదు చేసికొన్నవారికి మాత్రము కొంతకాలము పొడిగింపు నొసగిరి. దాని తరువాతిదైన విండోస్ 11 అనునది 2021 అక్టోబరులో వచ్చినది. అయితే అది టీపీఎం 2.0 అను రక్షణభాగమును, తాను పేర్కొన్న పట్టికలోని ప్రాసెసరును ఉండవలెనని కోరును. అందుచేత 2017కు పూర్వపు యంత్రములలో చాలవఱకు, అవి యెంత చక్కగా నడచుచున్నను, దాని గడప దాటలేవు.

ఇందు రెండు పొరపాట్లకు తావు గలదు. అక్టోబరు 14న ఏ యంత్రమును ఆగిపోలేదు. మఱునాడు ఉదయమున యథాప్రకారము వెలిగినది. కావున "ఇక పనికిరాదు" అను దుకాణదారుని మాట సరియైనది కాదు. కాని, క్రొత్తగా బయటపడు లోపములను పూడ్చువారు లేనప్పుడు అట్టి యంత్రముతో ఇంటర్నెట్టునందు బ్యాంకు వ్యవహారములు, ఉపకారవేతనపు దరఖాస్తులు నడపుట క్షేమము కాదు. కావున "ఏమియు కాలేదు" అను మాటయు సరియైనది కాదు. సంధి చేయదగిన చోటు ఈ రెంటి నడుమనే యున్నది.

లినక్సు సంగతి చెప్పెదను. 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయములో చదువుచున్న లినస్ టోర్వాల్డ్స్ అను ఇరువదియొక్క ఏండ్ల విద్యార్థి, తన యింటి కంప్యూటరుకొఱకు ఒక మూల కార్యక్రమమును వ్రాయ నారంభించి, ఆగస్టు 25న ఆ సంగతిని ఇతరులకు తెలియజేసెను. అంతకు పూర్వమే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనునాయన గ్నూ అను ఉద్యమమును ప్రకటించి, కార్యక్రమములను ఎవరైనను వాడుటకును, పరిశీలించుటకును, మార్చుటకును, పంచిపెట్టుటకును హక్కు నిచ్చు అనుమతిపత్రమును రూపొందించియుండెను. 1992లో టోర్వాల్డ్స్ తన కృతిని ఆ అనుమతిపత్రము క్రిందికే తెచ్చెను. నేడు మన జేబులోని ఆండ్రాయిడ్ ఫోనులకు మూలమైనది లినక్సే. లోకమునందలి అత్యంత వేగవంతములైన 500 కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు మొదలు అన్నియు లినక్సుతోనే నడచుచున్నవి. కేరళ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో బాలురు అనేక సంవత్సరములుగా దానిపైననే కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు. కావున ఇది పేదవారికి మిగిలిన రెండవరకపు సరకు అని యెవరును తలంపరాదు.

అంత మంచిదైనచో పాతదానిని ఏల ఉంచుకొనవలెనని విద్యార్థులడుగుదురు. దానికి నా మొదటి సమాధానము అవసరము. ఆ బాలిక పాలిటెక్నిక్కులో ఆటోక్యాడ్ అను చిత్రలేఖన కార్యక్రమమును నేర్చుకొనవలసియున్నది. అది లినక్సుపై నడువదు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ట్యాలీ కావలెను. అదియు విండోస్‌కొఱకు చేయబడినదే. మన అచ్చుకూటములలో అను ఫాంట్లతో పేజ్‌మేకరునందు కూర్చిన తెలుగు పుటలు ఎన్నియో గలవు. వానిని లినక్సునందు తెఱచినచో అక్షరములకు బదులు అర్థములేని గుర్తులు కనబడును. ఏలయనగా అవి నేటి యూనికోడ్ పద్ధతిలో వ్రాయబడినవి కావు. తుడిచివేయుట ఒక గంట పని. తుడిచిన పిమ్మట పరీక్షకు ముందురోజున ఆటోక్యాడ్ కావలసివచ్చినచో, ఆ బాలిక ఎవరి యింటి తలుపు తట్టును?

నా రెండవ సమాధానము విద్యకు సంబంధించినది. ఒక్కదానినే యెఱిగినవాడు దానినే కంప్యూటరని భ్రమించును. మనము ఇంగ్లీషు నేర్చినప్పుడుగాని, తెలుగు వాక్యములో క్రియ చివర నిలుచునను సంగతి మనకు వింతగా తోచదు; అంతవఱకు భాషలన్నియు అట్లే యుండుననుకొందుము. ఇదియు అట్టిదే. విండోస్‌లో డిస్కు భాగములకు సీ, డీ అని పేరులుండును. లినక్సులో సమస్తమును ఒకే మూలమునుండి కొమ్మలవలె విస్తరించును. విండోస్‌లో పెద్ద బడి అక్షరముతో వ్రాసినను చిన్న బడి అక్షరముతో వ్రాసినను ఫైలు పేరు ఒక్కటే. లినక్సులో ఆ రెండును వేర్వేరు ఫైళ్లు. ఒకే యంత్రములో ఉదయము దీనిని, సాయంకాలము దానిని నడపిన విద్యార్థి, ఏది యంత్రపు స్వభావమో, ఏది దానిని నడపువారు చేసికొన్న ఏర్పాటో తనంతట తాను గ్రహించును. నేను నల్లబల్లపై పది దినములు బోధించినను అంత చక్కగా తెలియజేయలేను.

మూడవది, భయము తీరుట. తిరిగి వెళ్లుటకు ఇల్లున్నదని యెఱిగినవాడు క్రొత్త ఊరిలో ధైర్యముగా తిరుగును. లినక్సులో నేదైన అర్థము కాకపోయినచో, యంత్రమును ఆపి మరల వెలిగించి విండోస్‌లోనికి పోవచ్చును. ఈ ధైర్యము లేక ఒక వారములోనే విసిగి మానుకొన్నవారిని నేనెఱుగుదును. రెండును ఉంచుకొన్నవారు మెల్లమెల్లగా క్రొత్తదానికి అలవాటుపడుటయు చూచితిని.

దీనిపై రెండు పడవలపై కాళ్లు పెట్టవలదను సామెతను మా సహోపాధ్యాయు లొకరు ప్రయోగించిరి. సామెత మంచిదే, కాని యిచ్చట అది పొసగదు. ఈ రెండు సిస్టములు ఒకే సమయమున నడువవు. విద్యుత్తు మీటను నొక్కగానే యంత్రములోని మూలభాగము ముందుగా మేల్కొని, డిస్కునందలి యొక చిన్న భాగములో ఏయే సిస్టములను ప్రారంభింపవచ్చునో చూచును. అచ్చట గ్రబ్ అను చిన్న కార్యక్రమము తెరపై జాబితాను చూపి, దేనిని పిలువవలెనని మనల నడుగును. మనము కోరినది లేచును. రెండవది డిస్కుపై నిద్రించుచుండును. రేవులో రెండు పడవలున్నను, ఎక్కునది ఎప్పుడును ఒక్కటే.

మఱియొక ఆక్షేపణ యున్నది. ఈ పనిలో ఉన్న సమాచారమంతయు పోవునేమో యని. దీనిని నేను తేలికగా త్రోసివేయలేను. ఏలయనగా అది నాకే జరిగినది. 2019 వేసవి సెలవులలో నేనిట్లే నా లాప్‌టాపుపై లినక్సును స్థాపింప పూనుకొంటిని. ఇతరులు స్థాపించుచుండగా రెండుమారులు చూచియుంటిని; అదియే చాలునని తలచితిని. విండోస్ ప్రక్కన స్థాపింపుమను మాట తెరపై కనబడవలసినచోట కనబడలేదు. ఏల కనబడలేదని ఆలోచింపక, ఉన్న మాటనే యెన్నుకొని ముందుకు పొమ్మని నొక్కితిని. ఆ మాటకు అర్థము డిస్కునంతటిని తుడిచివేయుమని. హెచ్చరిక వచ్చినది, దానిని నేను చదువలేదు. పదునొకండు సంవత్సరముల ప్రశ్నపత్రములు పోయినవి. వానిని తిరిగి వ్రాసికొంటిని. కాని మా తండ్రిగారు గతించుటకు ముందటి సంవత్సరమున తీసిన ఛాయాచిత్రములు అందే యుండెను. అవి మఱియెచ్చటను లేవు. ఎవరైనను వచ్చి తిరిగి తీయగలరేమోయని నెలదినములు తిరిగితిని, లాభము లేకపోయెను. దోషము యంత్రముది కాదు, లినక్సుది కాదు. చదువక నొక్కిన నాదే.

ఇది చదివి యెవరైనను ఈ పనినే మానుకొందురేని నేను సంతసింపను. నీటిలో దిగకూడదని చెప్పుటకు గాదు, లోతు చూచి దిగవలెనని చెప్పుటకే యీ సంగతి వ్రాసితిని. కావున ఆ బాలికతో కూర్చుండి మేము చేసిన క్రమమును వివరించెదను.

ముందుగా ఆమెచేత తన ఫైళ్లనన్నిటిని వేఱొక డిస్కునకు నకలు తీయించితిని. నకలు తీసినంతమాత్రమున చాలదు. అందుండి నాలుగైదు ఫైళ్లను మఱియొక కంప్యూటరులో తెఱపించి చూచితిని. తెఱచి చూడని నకలు నకలు కాదని నా మతము. కొన్ని యంత్రములలో బిట్‌లాకర్ అను తాళము డిస్కునకు వేయబడియుండును. అట్టిచోట 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను ముందే కాగితముపై వ్రాసికొనవలెను. లేనిచో మార్పులు జరిగిన పిమ్మట విండోస్ ఆ సంఖ్య నడిగి, చెప్పనిదే లోనికి రానీయదు.

రెండవది, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటును తీసివేసితిమి. ఇది యున్నచో, మనము యంత్రమును ఆపినను విండోస్ పూర్తిగా ఆగక సగము నిద్రలో నుండును. ఆ స్థితిలో దాని ఫైళ్లను లినక్సునుండి మార్చబోయినచో అవి చెడవచ్చును. నా 2019 నాటి యంత్రమున దీనిని తీసివేయలేదని తరువాత తెలిసికొంటిని.

మూడవది చోటు. ఆమె డిస్కు 500 గిగాబైట్లది. అందు సగమునకు పైగా ఖాళీ. విండోస్‌లోనే యుండు డిస్కు మేనేజిమెంటు అను సాధనముతో 60 గిగాబైట్లను విడదీసి ఖాళీగా నుంచితిమి. 25 గిగాబైట్లతోను పని జరుగును గాని, కొంతకాలమునకే ఇఱుకగును. విండోస్ భాగమును విండోస్ సాధనముతోనే తగ్గించుట మేలు. తన యింటి గోడను ఎక్కడ జరుపవచ్చునో ఆ యింటివారికే బాగుగా తెలియును.

నాలుగవది, స్థాపింపకముందే పరీక్షించుట. లినక్సు మింట్ అను పంపిణీలో తక్కువ బరువైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకమును ఎన్నుకొంటిమి. ఆమె యంత్రములో 4 గిగాబైట్ల ర్యామ్ మాత్రమే యుండుట దీనికి కారణము. దానిని ఒక పెన్‌డ్రైవునకు ఎక్కించి, యంత్రమును ఆ పెన్‌డ్రైవునుండి లేపితిమి. డిస్కుపై ఒక్క అక్షరమైనను వ్రాయకుండ లినక్సును ఇట్లు నడపి చూడవచ్చును. వైఫై తగులుచున్నదా, ధ్వని వచ్చుచున్నదా, తెలుగు వ్రాయ వచ్చుచున్నదా యని ఒక గంటసేపు చూచితిమి. లినక్సు ఎట్లుండునో తెలిసికొను కుతూహలము మాత్రమే గలవారికి ఈ పెన్‌డ్రైవే చాలును, వారు స్థాపించుకొననక్కఱలేదు.

పిదప స్థాపన. విండోస్ ప్రక్కన స్థాపింపుమను మాట ఈసారి స్పష్టముగా కనబడినది. ఆ మాట కనబడనిచో అచ్చటనే ఆగి కారణము వెదకవలెను. అదియే నేను భారమైన వెల యిచ్చి నేర్చిన పాఠము. తెరపై వచ్చిన ప్రతి వాక్యమును ఆమెచేత బిగ్గరగా చదివించి, అర్థము చెప్పించి, ఆ తరువాతనే నొక్కనిచ్చితిని. ముప్పావు గంటలో పని ముగిసినది. యంత్రము తిరిగి లేచినప్పుడు జాబితాలో రెండు పేరులును కనబడినవి. ముందు విండోస్‌ను పిలిచి, ఆమె ఫైళ్లు క్షేమముగా నున్నట్లు చూచుకొని, అటుపిమ్మట లినక్సును పిలిచితిమి.

మఱునాడు ఆమె ఫోనుచేసి, "మాస్టరుగారూ, విండోస్‌లో గడియారము అయిదున్నర గంటలు వెనుకబడినది!" అన్నది. నాకు నవ్వు వచ్చినది. ఏలయనగా ఇది తఱచు జరుగునదే. యంత్రములోని గడియారమున అంతర్జాతీయ ప్రమాణకాలము గలదని లినక్సు తలంచును. స్థానిక కాలము గలదని విండోస్ తలంచును. మన దేశకాలము అంతర్జాతీయ కాలమునకు అయిదున్నర గంటలు ముందు. లినక్సులో ఒక్క ఆజ్ఞతో దీనిని సరిచేయవచ్చును, చేసితిమి. కాలమును గుఱించిన భూగోళపాఠమొకటి ఆమెకు ఆనాడు మరల జ్ఞప్తికి వచ్చినది.

ఇప్పుడామె చేయు పద్ధతి యిది. ఆటోక్యాడ్ అభ్యాసమునకు విండోస్. ఆ సమయమున ఇంటర్నెట్టుతో సంబంధము పెట్టుకొనదు. ఉత్తరములు, దరఖాస్తులు, చదువు, బ్యాంకు వ్యవహారములు లినక్సునందు. ఈ విభజనమును ఆమెయే ఏర్పఱచుకొన్నది. ఏ పనికి ఏది క్షేమమో తానై నిర్ణయించుకొనుట నాకు ఆమె మార్కులకంటె ఎక్కువ సంతోషము కలిగించినది.

అందఱికిని ఇది తగునని నేననను. డిస్కు 32 గిగాబైట్లు మాత్రమే గల చిన్న యంత్రములలో రెంటికి చోటు చాలదు. ప్రభుత్వమువారో, కళాశాలవారో వాడుకొనుటకిచ్చిన యంత్రము మనది కాదు. వారి యనుమతి లేక దానిని ముట్టరాదు. గ్యారంటీ కాలములో నున్నదానికి షరతులను ముందు చదువవలెను. ఇంటిలో నలుగురు వాడు యంత్రమైనచో నలుగురితోను చెప్పవలెను. కుమారుని కుతూహలమునకు తల్లి దాచుకొన్న పెండ్లి ఛాయాచిత్రములు బలియగుట న్యాయము కాదు.

మన పాఠశాల కంప్యూటరు గదిలోని పాత యంత్రములనుగుఱించియు నా మనవి యొకటి గలదు. వానిని పాతసామానువానికి తూచి యిచ్చుటకు ముందు ఒకటి రెంటిపై నీ విధముగా లినక్సును చేర్చి చూడుమని పెద్దలను కోరుచున్నాను. ధనవ్యయము లేదు. తొమ్మిదవ తరగతి బాలబాలికలు తమ చేతులతో నకలు తీయుటను, చోటు విడదీయుటను, హెచ్చరికను చదివి ఆలోచించి నొక్కుటను అచ్చట నేర్చుకొందురు. ఈ చివరి విద్య కంప్యూటరునకు వెలుపలను పనికివచ్చును.

విద్యార్థులారా, మీలో నెవరికైనను ఈ కోరిక కలిగినచో శనివారము మధ్యాహ్నము నాయొద్దకు రండు. 8 గిగాబైట్ల పెన్‌డ్రైవును, తలిదండ్రుల అనుమతిని తీసికొని రండు. మీ ఫైళ్ల నకలును ముందుగానే తీసి, వేఱొకచోట తెఱచి చూచి రండు. అది చూపనివారి యంత్రమును నేను ముట్టను.